శుక్రవారపు చిగురు

వఫ్రాలో చింతచెట్టు ఉందంటే కువైట్ సిటీ పక్కన రిగ్గైలోని తెలుగువాళ్ళు మొదట్లో నవ్వేవారు. నవ్వరూ మరి! వఫ్రా అంటే కువైట్‌కు దక్షిణపు కొసన, సౌదీ సరిహద్దును ఆనుకుని ఉండే తోటల ఊరు. అక్కడ ఖర్జూరాలుంటాయి, ప్లాస్టిక్ కప్పుల కింద దోసకాయలూ టమాటాలూ ఉంటాయి, మిగిలిందంతా ఇసుక. బోరు నీళ్ళు పుక్కిలిస్తే ఉప్పగా తగులుతాయి. అలాంటి చోట చింతచెట్టుకేం పని? అయినా ఉంది. అబూ ఫహద్ అనే కువైటీ ఆసామి తోటలో, నీళ్ళ ట్యాంకు పక్కన, పనివాళ్ళ గదికి ఎదురుగా ఉంది. దాన్ని మొలిపించింది తానేనని దేవయ్య పదకొండేళ్ళుగా చెప్పుకుంటున్నాడు.

మొలిపించడం అన్నది కాస్త పెద్ద మాట. జగిత్యాల దగ్గరి పల్లెనుంచి ఆ తోటలో పనికి వచ్చిన దేవయ్య, సెలవుకు పోయి వచ్చినప్పుడల్లా సంచిలో బట్టలకంటే చింతపండే ఎక్కువ తెచ్చుకునేవాడు. ఒకరోజు పులుసుకు చింతపండు పిసికి, గింజలు ట్యాంకు కుళాయి కింద పారబోశాడు. ఆ కుళాయి ఎప్పుడూ కారుతుండేది. బాగుచేయమని కఫీల్, అంటే వీసా ఇచ్చిన యజమాని అబూ ఫహద్, చెప్పి చెప్పి విసిగిపోయాడు, ఇదిగో చేస్తానంటూ దేవయ్య నెట్టుకొచ్చాడు. ఆ బద్ధకం పుణ్యమా అని గింజలు మొలిచాయి. ఎండాకాలం వచ్చేసరికి ఒక్కటి తప్ప అన్నీ మాడిపోయాయి. ఆ ఒక్కదాన్ని చూసుకుని దేవయ్య, ఊరినుంచి చుట్టమెవరో చెప్పాపెట్టకుండా దిగినంత సంబరపడ్డాడు.

చెట్టు గుబురుగా పెరిగింది కానీ పొడుగు సాగలేదు. ఎండాకాలపు వేడిగాలీ చలికాలపు మంచూ దాని తలను ఎప్పటికప్పుడు మాడ్చేసేవి. మనిషి చెయ్యెత్తితే కొస అందేది. అయితేనేం, మార్చి నెలాఖరుకల్లా చెట్టంతా లేత చిగురు వేసేది. ఇక అక్కణ్ణుంచి ప్రతి శుక్రవారమూ పండగే.

ఆ పండగకు పెద్ద నర్సింగ్. నిజామాబాద్ వైపువాడు, రిగ్గైలో గది, వఫ్రా తోటల కూరగాయలు హాఫ్ లారీలో మార్కెట్‌కు తోలడం పని. చిగురు వేసిందని తెలియగానే లారీలో నలుగురైదుగుర్ని ఎక్కించుకుని దిగేవాడు. కందిపప్పు, ఎండుమిరపకాయలు, ఎల్లిపాయలు వాళ్ళే తెచ్చేవారు. అందరూ చెట్టు చుట్టూ చేరి కబుర్లాడుకుంటూ చిగురు దూసేవారు. అరచేతుల మధ్య నలిపి, పుల్లలు ఏరి, ఉడికిన పప్పులో వేసి పోపు పెడితే ఆ వాసనకు గదిలో మనుషులు ఊరి పేర్లు తలుచుకునేవారు. తిన్నంత తిని, మిగిలిన కొమ్మలు కూడా దూసి సంచుల్లో నింపుకుని పోయేవారు. రిగ్గైలో ఏ వంటింట చిగురు వాసన వచ్చినా అది దేవయ్య చెట్టుదే.

ఒక్క దిగులు మాత్రం దేవయ్యకు తీరలేదు. చెట్టు ఇంతవరకూ ఒక్క కాయ కాయలేదు. పూత కూడా కనబడలేదు. నీళ్ళు ఉప్పువి కదా, అందుకేలే అని సరిపెట్టుకునేవాడు.

ఆ తోటలో మేకల కాపరి పేరు అబ్కర్. సూడాన్‌లో దార్‌ఫుర్‌నుంచి వచ్చిన పొడుగాటి మనిషి, మాట తక్కువ. దేవయ్యకూ అతనికీ ఒకే ఒక్క తగాదా, ఆ చెట్టే. మొక్క మోకాలెత్తు ఉన్నప్పుడే అబ్కర్ దాని ముందు కూలబడి, ఆకులు నిమిరి, "అరదేబ్!" అన్నాడు. వాళ్ళ భాషలో చింతకు అదే పేరు. ఇద్దరికీ కలిసిన భాష కువైట్ నేర్పిన విరిగిన అరబ్బీ ఒక్కటే. దాన్ని తెలుగులోకి దించితే వాళ్ళ తగాదా ఇలా ఉంటుంది.

"ఇది మా చెట్టు," అన్నాడు అబ్కర్.

"మీదెట్లా అవుతుంది? గింజ నాది."

"గింజ నీదే. చెట్టు మాది. మా దగ్గర ఎవరూ నాటరు, అదే పుడుతుంది. జ్వరం వస్తే మా అమ్మ దీని పండు నానబెట్టి ఆ నీళ్ళు తాగించేది. కడుపు బిగిస్తే అదే, వేడిచేస్తే అదే."

"మా ఊళ్ళోనూ అంతే."

"అయితే మీవాళ్ళు మా దగ్గర నేర్చుకున్నారు."

దేవయ్యకు కోపం ముక్కుమీదే ఉంటుంది. తిన్నగా కఫీల్ దగ్గరికి పోయి తీర్పు చెప్పమన్నాడు. అబూ ఫహద్ నవ్వి, "మేం దాన్ని తమర్ హిందీ అంటాం. హిందుస్థాన్ ఖర్జూరమని. ఇంకేం కావాలి నీకు?" అన్నాడు. ఆ రోజంతా దేవయ్య మీసం మెలేస్తూ తిరిగాడు. చదువుకున్నవాళ్ళు మాత్రం అబ్కర్ మాటే నిజమంటారు. చింతకు పుట్టిల్లు ఆఫ్రికా అట, మనది మెట్టినిల్లు. దేవయ్యకు ఆ సంగతి చెప్పినవాళ్ళు లేరు, చెప్పినా ఒప్పుకునే రకం కాదు.

రెండువేల తొమ్మిది మార్చిలో అబూ ఫహద్ ఒక మేస్త్రీని వెంటబెట్టుకుని వచ్చాడు. చుట్టాలూ స్నేహితులూ వస్తే కూర్చోవడానికి ట్యాంకు పక్కన పెద్ద గది కట్టాలని ముచ్చటపడ్డాడు. మేస్త్రీ సున్నంతో గీతలు గీశాడు. చింతచెట్టు సరిగ్గా గీతల మధ్యకొచ్చింది.

"బాబా, మరి చెట్టు?" అన్నాడు దేవయ్య.

"తీసేద్దాం."

"పదకొండేళ్ళ చెట్టు బాబా!"

"ఈ పదకొండేళ్ళలో ఏమిచ్చింది? ఖర్జూరమైతే ఏటా గంపలు నింపేది."

దేవయ్యకు తెలుసు, ఆకులిచ్చిందంటే, మేకలు తినేది మీరు తిన్నారా అని నవ్వుతాడు. "కాయలిస్తుంది బాబా. రంజాన్‌లో మీరు తాగే పుల్లటి షర్బత్ దీని పండుతోనే కదా," అన్నాడు ఎలాగో.

అబూ ఫహద్ చెడ్డవాడు కాదు. గడ్డం గోక్కుంటూ కాసేపు చెట్టును చూశాడు. "సరే. ఎండాకాలం నేను ఇక్కడ ఉండను. చలి మొదలై ఎడారిలో గుడారాలు వేసే కాలానికి వస్తాను. అప్పటికి చెట్టుమీద కాయ చూపించు, గది అటు జరిపిస్తా. కాయ లేకపోతే ఖలాస్, నరికేస్తారు," అని కారెక్కాడు.

దేవయ్యకు ఆ పూట అన్నం సయించలేదు. చెట్టు పోతే వఫ్రాలో తనకు మిగిలేది ఇసుక. రిగ్గైనుంచి ఇంతదూరం మనుషులు వచ్చేది తన మొహం చూడ్డానికి కాదని అతనికి బాగా తెలుసు. సాయంత్రం గది మెట్టుమీద ఒక్కడే కూర్చున్నాడు. మేకల్ని కొట్టంలోకి తోలి అబ్కర్ వచ్చి పక్కన కూర్చున్నాడు.

"కాయ రాదు," అన్నాడు అబ్కర్.

"నీ నోట మంచి మాట రాదా?"

"మీరు రానివ్వరు. కొమ్మ చివర కొత్త ఆకు వస్తుంది. దాని వెనకే అక్కడే పువ్వు వస్తుంది. మీరు ఆ చివరే తింటారు. మా దగ్గర ఆకు ఎవరూ ముట్టరు."

దేవయ్య ఇంతెత్తున లేచాడు. "మా తాతలనాటి నుంచీ చిగురు తింటున్నాం, కాయలూ కోస్తున్నాం. చింత సంగతి మాకు చెప్తావా?"

"మీ ఊరి చెట్టు ఎంత ఎత్తు?"

దేవయ్య ఊళ్ళో చింతలు మేడలను మించి ఉంటాయి. కింది కొమ్మల చిగురు జనం దూసుకున్నా, చెయ్యందని పైభాగమంతా పూసి కాసేది. ఇక్కడ చెయ్యందనిదంటూ లేదు. అయినా మేకల కాపరి ముందు ఓడిపోవడానికి మనసొప్పక, గొణుక్కుంటూ గదిలోకి పోయాడు.

కొన్నాళ్ళకు చిగురు వేసింది. ఒక పొద్దున దేవయ్య చెయ్యి అలవాటుకొద్దీ కొమ్మను పట్టి సర్రున దూసింది. పప్పు అప్పటికే పొయ్యిమీద ఉంది. పుల్లలు ఏరదామని గుప్పిలి విప్పి ఎండలో పట్టి చూశాడు. లేత ఆకుల మధ్య చిన్న చిన్న ఎర్రటి గుళ్ళు, జొన్నగింజకంటే చిన్నవి. అవి మొగ్గలు. చింత మొగ్గ ఎలా ఉంటుందో పల్లెలో పుట్టినవాడికి ఒకరు చెప్పాలా? కానీ ఇన్నేళ్ళుగా ఆ చెయ్యే దూసింది, ఆ కళ్ళే చూడలేదు. ఊరొచ్చి గిన్నెలో పడ్డంత ఆత్రంలో ఎవరు చూస్తారు! తన చెట్టును తనే ఏటేటా గొడ్రాలిని చేశాడు. దేవయ్య కళ్ళలో నీళ్ళు తిరిగాయి. దూసిన కొమ్మకు అవి మళ్ళీ అతకవు. ఆ రోజు పప్పు ఉత్తదే తిన్నాడు, ఆ గుప్పెడు చిగురూ కిటికీలో వాడిపోయింది.

శుక్రవారం నర్సింగ్ లారీ హారన్ కొట్టుకుంటూ వచ్చింది.

"అన్నా, సంచులు దెచ్చినం. యల్లా, యల్లా!"

దేవయ్య చెట్టుకు అడ్డంగా నిలబడ్డాడు. "ఈ యేడు తెంపేది లేదు నర్సింగ్."

నర్సింగ్ చెట్టును ఎగాదిగా చూశాడు. "గిదేందన్నా? చెట్టునిండ ఉన్నది గద!"

"ఉన్నది. తెంపితె పూత పోతది. పూత పోతె కాయ రాదు. కాయ రాకుంటె బాబా చెట్టు కొట్టిపిస్తడు."

"గిన్నేండ్ల సంది రాని కాయ గిప్పుడస్తదా? గా సూడానోడు జెప్పిండా నీకు?"

"ఆడు జెప్తె నేనిన్లె. నా కండ్లతోని జూసిన, గందుకె నమ్ముతున్న."

"ఎట్లైన కొట్టేసే చెట్టేనాయె. కడసారి కడుపునిండ తినిపోతం, ఏమైతది?" అన్నాడు నర్సింగ్. వెనకున్నవాళ్ళు అవునవునన్నారు. ఆ మాటలో న్యాయం లేకపోలేదు, అదే దేవయ్యను ఎక్కువ భయపెట్టింది.

"ఇయ్యాల మీరు తింటెనే కొట్టేస్తరు. నన్ను నూకి తెంపుతరా? తెంపుండ్రి మరి," అన్నాడు.

నర్సింగ్ మొహం మాడ్చుకుని లారీవైపు తిరిగాడు. అప్పుడు లారీ ముందు సీటులోంచి జ్ఞానమ్మ మెల్లగా దిగింది. గోదావరి జిల్లా ఆవిడ, రిగ్గైలో ఒక కువైటీ ఇంట్లో వంటమనిషి. ఏటా చిగురు కోసం సంచీ పంపేది కానీ తాను రావడం ఇదే మొదలు. కామెర్లొచ్చి లేచింది. మనిషి సగమైంది.

"గొడవెందుకులే తమ్ముడూ," అంది. "నాకు మాత్రం ఒక్క గుప్పెడు పెట్టు. జబ్బు తగ్గింది గానీ నోరు చచ్చిపోయిందయ్యా. మా ఇంటి యజమానురాలు మామా పాపం కోడి సూపు కాచి ఇస్తోంది, వాసనకే కడుపులో తిప్పేత్తంది. నీ చిగురు తింటే మళ్ళీ అన్నం దిగుద్దేమోనని లారీ కుదుపులు ఓర్చుకుంటా ఇంత దూరం వచ్చాను."

దేవయ్య కాదనలేడు, అవుననలేడు. మేకల దగ్గరనుంచి చూస్తున్న అబ్కర్ వచ్చి, ఆవిడ ఏమంటోందని అడిగాడు. దేవయ్య చెప్పాడు. అబ్కర్ కొమ్మలు తప్పించుకుని లోపలికి దూరాడు. ఉత్తరం వైపు, ట్యాంకు నీడలో, మొదలుకు దగ్గరగా ఒక బక్క కొమ్మ ఉంది. "దీనికి ఎండ తగలదు. పువ్వు రాదు," అంటూ ఆ ఒక్క కొమ్మ చిగురు దూసి జ్ఞానమ్మ కొంగులో పోశాడు. చెట్టులో ఏ కొమ్మకు ఎండ ఎప్పుడు తగులుతుందో అతనికి తెలిసినంత తనకు తెలియదని దేవయ్యకు ఆ క్షణాన తోచింది. ఒప్పుకోవడం కష్టమే అయింది.

ఆ తర్వాత శుక్రవారాలు చప్పబడిపోయాయి. నర్సింగ్ కూరగాయలకు వచ్చేవాడు, లారీ నింపుకునేవాడు, పలకరించకుండా పోయేవాడు. దేవయ్య పొయ్యి ముందు ఒక్కడే కూర్చుని ఒక్కడికే వండుకునేవాడు. ఒంటరితనం అతన్ని నిజంగా కుమిలేలా చేసింది. ఒకటి రెండుసార్లు చెట్టు దగ్గరికి పోయి చెయ్యెత్తి మళ్ళీ దించేశాడు కూడా.

మే నెలలో చెట్టు పూసింది. పసుపు రెక్కలమీద ఎర్రటి గీతలున్న చిన్న చిన్న పూలు. దేవయ్య పసిపిల్లాడిలా మేకల కొట్టందాకా పరుగెత్తి అబ్కర్ చెయ్యి పట్టుకుని లాక్కొచ్చాడు. కానీ జూన్‌లో వేడిగాలి లేచింది. మూడునాళ్ళ ఇసుకగాలికి పూత చాలావరకు రాలింది. ఇద్దరూ కలిసి తోటలో పాతబడిన ఆకుపచ్చ వలను కర్రలకు కట్టి పడమటి వైపు చాటు పెట్టారు. అబ్కర్ మేకల ఎరువు తెచ్చి పోశాడు. ట్యాంకర్లో తాగడానికి వచ్చే మంచినీళ్ళలో ఇద్దరూ తమ స్నానానికి తగ్గించుకుని చెట్టుకు పోశారు. ఎవరి దగ్గర ఎక్కువ చెమట వాసన వస్తోందని ఒకర్నొకరు ఎగతాళి చేసుకున్నారు. వేడి తగ్గేసరికి చెట్టుకు అక్కడొకటీ ఇక్కడొకటీ వంకర తిరిగిన పచ్చికాయలు వేలాడుతున్నాయి.

గుడారాల కాలానికి అబూ ఫహద్ మాట ప్రకారం వచ్చాడు. దేవయ్య కొమ్మ వంచి చూపించాడు. ఉన్న కాసిన్ని కాయల్లో ఒకదాన్ని ఆయన పుటుక్కున తెంపితే దేవయ్య ప్రాణం చివుక్కుమంది. అబూ ఫహద్ దాన్ని కసుక్కున కొరికి, మొహమంతా ముడుచుకుని, కళ్ళనీళ్ళు పెట్టుకుని, "హామిద్! హామిద్!" అని అరిచాడు. అరబ్బీలో హామిద్ అంటే పులుపు. తర్వాత విరగబడి నవ్వాడు. కిందికి చూసి, ఎప్పుడో చెరిగిపోగా మిగిలిన సున్నపు గీతను చెప్పుతో రాచి, "గది అటు కట్టిస్తాలే," అన్నాడు. దేవయ్య అక్కడే ఇసుకలో చతికిలబడ్డాడు. మేకల వెనకనుంచి అబ్కర్ ఆకాశంలోకి చేతులెత్తడం కనిపించింది.

మళ్ళీ మార్చి వచ్చేసరికి కాయలు గోధుమరంగు తిరిగి, డొల్లలు పెళుసెక్కాయి. మొదటి పండు దేవయ్య తెంపాడు. చూశావా మా దేశపు గింజ అని గొప్పలు పోదామనే మేకల కొట్టానికి తీసుకుపోయాడు. అబ్కర్ దాన్ని రెండు చేతులా అందుకుని వాసన చూశాడు. తినలేదు. డొల్ల ఒలిచి, గ్లాసు నీళ్ళలో వేసి, వేలితో మెల్లగా పిసికాడు. నీళ్ళు ఎర్రబడ్డాక కళ్ళు మూసుకుని కొంచెం కొంచెంగా తాగాడు. అతని చెంపలమీదుగా నీళ్ళు కారుతుంటే దేవయ్యకు చెప్పదలచుకున్న గొప్పలేవీ నోటికి రాలేదు.

"మా అమ్మ చేసినట్టే ఉంది," అన్నాడు అబ్కర్.

"ఇంటికెందుకు పోవు నువ్వు? ఇన్నేళ్ళలో ఒక్కసారీ పోలేదు."

"ఊరు లేదు. యుద్ధంలో కాల్చేశారు. చెట్లు కూడా."

ఇన్నేళ్ళు పక్కపక్కనే బతికి, ఆ మాట తాను ఒక్కనాడూ అడగలేదని దేవయ్యకు గుర్తొచ్చింది. మెల్లగా అడిగాడు. "అన్నేళ్ళూ కాయ ఎందుకు రాలేదో నీకు ముందే తెలుసు. మొదట్లోనే ఎందుకు చెప్పలేదు?"

"మొక్కగా ఉన్నప్పుడు మేకలు తినకుండా ముళ్ళకంప కట్టాను. చూడలేదా? కాయ కోసమే కట్టాను. ప్రతి ఏడూ చెబుదామనే అనుకున్నాను," అన్నాడు అబ్కర్. "కానీ శుక్రవారం మీవాళ్ళు వచ్చేవాళ్ళు. వారమంతా నవ్వనివాడివి, ఆ రోజు నువ్వు నవ్వేవాడివి. గుండ్రంగా కూర్చుని మీరు ఆ ఆకు తింటుంటే, వీళ్ళు ఇప్పుడు వాళ్ళ ఊళ్ళో ఉన్నారు అనుకునేవాణ్ణి. నాకెలాగూ పోవడానికి ఊరు లేదు. మీరైనా పోయి రండిలే అని ఊరుకున్నాను. చెట్టే పోతుందన్నాక చెప్పక తప్పలేదు."

దేవయ్యకు తల ఎత్తబుద్ధి కాలేదు. అన్ని శుక్రవారాలు అబ్కర్ ఎదురుగానే, కొట్టం గడపమీద కూర్చుని ఎండు రొట్టె తినేవాడు. మన తిండి వీడేం తింటాడులే అనుకుని ఒక్కసారీ రమ్మని పిలవలేదు. అతని భుజంమీద చెయ్యి వేసి పక్కన కూర్చున్నాడు.

ఆ వారమే నర్సింగ్‌కు ఫోన్ చేశాడు. "చిగురేసిందిర. అందర్ని దోల్కరా. సంచులు మాత్రం తేకుండ్రి."

శుక్రవారం లారీ వచ్చింది. నర్సింగ్ బింకంగానే దిగాడు కానీ, చెట్టుమీది పండ్లు చూసి నోరెళ్ళబెట్టాడు. జ్ఞానమ్మ నిండుగా తేరుకుని ఉంది. "ఆ రోజు గుప్పెడు పెట్టిన అన్నయ్యేడీ?" అని ముందు అబ్కర్‌నే వెతికింది. నీడ కొమ్మలకు దేవయ్య గుడ్డపీలికలు కట్టి, అవి తప్ప వేరేవి ముట్టొద్దన్నాడు. అబ్కరే దూశాడు, జ్ఞానమ్మ నలిపింది, దేవయ్య పప్పు వండాడు. సంచులు నింపేంత లేదు, మనిషికి నాలుగు ముద్దలకు సరిపోయింది.

అందరూ గుండ్రంగా కూర్చున్నాక దేవయ్య మొదటి కంచం అబ్కర్ ముందు పెట్టాడు. అబ్కర్ వాళ్ళను చూసి పప్పూ అన్నం కలిపి, ముద్ద నోట్లో పెట్టుకుని, నిదానంగా నమిలాడు. ఎవరూ కంచంలో చెయ్యి పెట్టలేదు. నర్సింగ్ ఉండబట్టలేక, "ఏమంటున్నడే? మంచిగుందంటున్నడా?" అన్నాడు.

"ఉప్పు తక్కువైంది," అన్నాడు అబ్కర్.

వేరేవాడు ఆ మాటంటే దేవయ్య ఆ పూట లొల్లి లొల్లి చేసేవాడే. కానీ తన సొంత చెట్టు కింద కూర్చుని తింటున్న అబ్కర్ ఆమాత్రం వంక పెట్టకుండా ఎలా ఉంటాడు? దేవయ్య లేచి ఉప్పుడబ్బా తెచ్చి అతని ముందు పెట్టి, ఇంకో గరిటెడు పప్పు వేశాడు.